గులాబీ బండ ఎక్కిన రోజు

ఊరి నుంచి అమ్మానాన్నలు రాగానే టెక్సాస్ తెలుగువాళ్లు గుళ్లకు తీసుకెళ్తారు, హ్యూస్టన్‌లో అంతరిక్ష కేంద్రం చూపిస్తారు. నన్నడిగితే ముందు ఎన్‌చాంటెడ్ రాక్ చూపించమంటాను. ఆస్టిన్ నుంచి కారులో సుమారు రెండు గంటలు. ఫ్రెడరిక్స్‌బర్గ్ దాటి ఉత్తరానికి మళ్లాక, ఓక్ చెట్ల మధ్య నుంచి గులాబీరంగు బోడిగుట్ట ఒకటి పైకి లేచి కనిపిస్తుంది. నేల మీంచి 425 అడుగుల ఎత్తు. మేం తీసుకెళ్లిన రోజు అమ్మ కారు దిగి, కొంగు నడుముకు చెక్కుకుంటూ, "అచ్చం మా భువనగిరి గుట్ట లెక్కనే ఉంది గదరా!" అంది.

అమ్మ మాట నిజం. రెండూ గ్రానైట్ బండలే. భూమి లోతుల్లో శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గట్టిపడింది. మీదున్న రాళ్లూ మట్టీ కోట్ల ఏళ్లలో అరిగి కొట్టుకుపోయాయి. బరువు తగ్గేసరికి బండ ఉబ్బి, ఉల్లిపాయలా పొరలు పొరలుగా విడిపోతూ ఇలా గుండ్రంగా తేలింది. టెక్సాస్ బండ వయసు 100 కోట్ల ఏళ్ల పైమాటే. మన దక్కన్ గ్రానైట్లవి దాదాపు 250 కోట్లు. ఈ లెక్క చెప్పగానే మా అమ్మాయి, "అయితే నానమ్మ వాళ్ల గుట్టే పెద్దది!" అని సంబరపడింది.

బండ మీద మెట్లు లేవు. గరుకు రాయే పాదానికి పట్టు. అమ్మ నిటారుగా ఎక్కకుండా ఏటవాలుగా ఇటూ అటూ తిరుగుతూ నడిచింది. పిల్లలూ ఆమె వెనకే ఆ నడక పట్టుకున్నారు.

గుట్ట నెత్తిన లోతులేని దొనలున్నాయి. వాన పడితే వాటిల్లో ఫెయిరీ ష్రింప్ అనే జీవులు పుడతాయి. రొయ్యలకు దూరపు చుట్టాలు. నీళ్లు ఎండేలోగా గుడ్లు పెట్టేసి పోతాయి. ఆ గుడ్లు ఎండిన మట్టిలోనే మళ్లీ వాన వచ్చేదాకా బతికి ఉంటాయి. అందుకే నీళ్లు లేకపోయినా దొనలో అడుగు వేయకూడదు. ఈ సంగతి విన్నాక పిల్లలు ప్రతి దొననూ చుట్టి నడిచారు.

కిందికి దిగి చెట్టు నీడన పులిహోర, పెరుగన్నం, అమ్మ తెచ్చిన సకినాలు తిన్నాం. ఒకప్పుడు ఈ గుట్ట ఒక కుటుంబం సొంత ఆస్తి. 1978లో నేచర్ కన్సర్వెన్సీ అనే సంస్థ కొని రాష్ట్రం చేతికి అందేలా చూసింది. ఇప్పుడు రాష్ట్ర పార్కుల శాఖ కాపాడుతోంది. లోపల జనం నిండితే గేటు మూసేస్తారు. ముందుగా బుక్ చేసుకుని వెళ్లడం మేలు. ఆ కట్టుబాటు నాకు నచ్చింది. బండ ఎంత గట్టిదైనా దాని మీది బతుకు సున్నితమైనది.

హైదరాబాద్ చుట్టూ అంతకన్నా పాత బండలు క్వారీలకూ కట్టడాలకూ పోతూనే ఉన్నాయి. వాటి కోసం సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ 1996 నుంచి పాటుపడుతోంది. మనం చేయగలిగిన పనీ ఒకటుంది. ఆదివారం పొద్దున్నే పిల్లల్ని ఖాజాగూడ గుట్టలకు తీసుకెళ్దాం. చేత్తో తడమనిద్దాం, వయసు చెబుదాం, నీడన కూర్చోబెట్టి అన్నం పెడదాం. తాము ఎక్కిన గుట్టను రేపెవరైనా పేల్చేస్తామంటే ఆ పిల్లలు ఊరుకోరు.