మా తమ్ముడి సముద్రం

ఇంట్లో సముద్రం పెట్టుకుంటానని మా తమ్ముడు అన్నప్పుడు నేనేం ఆశ్చర్యపోలేదు. చిన్నప్పుడు నూతిగట్టు మీద హార్లిక్స్ సీసాలో చేపపిల్లల్ని పెంచి, అమ్మచేత తన్నులు తిన్నవాడే వాడు. ఆ సీసా ఇప్పుడు ఎనిమిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు అయింది, అంతే. ఎటొచ్చీ ఇప్పుడది నూతిగట్టు మీద కాదు. అమెరికాలో, డల్లాస్ శివార్లలో, వాళ్ళ హాల్లో.

మూడు నెలలుందామని వెళ్ళాను. వెళ్ళిన మర్నాడే భోజనాలబల్ల మీద కాగితాలు పరిచి, "అక్కా, నువ్వు నవలలు రాస్తావుగా, ఇది నా నవల" అన్నాడు. చూద్దును కదా, పేజీలనిండా గొట్టాలూ, బాణం గుర్తులూ, అంకెలూ! నేను బి.ఏ. చదివినదాన్ని. పాలవాడి పద్దు దాటి లెక్క చేసిన పాపాన పోలేదు. అయినా వినకపోతే చిన్నబుచ్చుకుంటాడని కళ్ళజోడు పెట్టుకు కూర్చున్నాను.

వాడు పెంచబోయేది ఒట్టి చేపల్ని కాదట, బతికున్న పగడాలని.

"పగడమంటే మెళ్ళో వేసుకునేదేగా?" అన్నాను.

"అది వేరే జాతి అక్కా. ఇవి సముద్రంలో దిబ్బలు కట్టే పగడాలు. రాళ్ళూ కావు, చెట్లూ కావు, జంతువులు. మెత్తటి ప్రాణులు గుంపుగా కాపురముంటూ కింద సున్నపు గూడు కట్టుకుంటాయి. వాటి ఒంట్లోనే కంటికి కనపడనంత నాచు ఉండి, వెలుతురుతో తిండి వండి పెడుతుంది" అన్నాడు.

అద్దె తీసుకోకుండా ఇంట్లో పెట్టుకుని, వంట చేయించుకుంటున్నాయన్నమాట! పగడాలు తెలివైనవే.

ఇది చదివి మీలో ఎవరైనా ముచ్చటపడతారేమో, ముందే చెప్పేస్తున్నాను. మన సముద్రంలోంచి వీటిని తీస్తే నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఏ పట్టికలో ఉందో, 2001 నుంచి దిబ్బలు కట్టే పగడాలూ ఆ మొదటి పట్టికలోనే ఉన్నాయి. మా తమ్ముడుండే చోట పెంపకందార్లు తొట్లలోనే పెంచి, చిన్న ముక్క విరిచి అమ్ముతారు. మనం మందారకొమ్మ విరిచి పక్కింటావిడకి ఇస్తామే, అలాగ.

ఇక పరికరాల సంగతి. మొదట బొత్తిగా అర్థం కాలేదు గానీ, ఒక్కొక్కటే వంటింట్లోకి తెచ్చుకుని చూసుకుంటే అంతా తెలిసినట్టే అనిపించింది.

తొట్టెలో సుమారు 900 లీటర్ల నీరు. లీటరుకి 35 గ్రాముల ఉప్పు. అంటే ముప్పై కిలోల పైమాటే! కుళాయినీళ్ళు పనికిరావు, క్లోరిన్ ఉంటుంది. వడపోసి, వడపోసి, నీరు తప్ప మరేమీ లేకుండా చేసి, అప్పుడు ఉప్పు కలపాలి. రోజూ కొంత నీరు ఆవిరై పోతుంది. ఉప్పు మాత్రం అక్కడే ఉంటుంది. పులుసు ఇగిరితే ఉప్పెక్కదూ, అదే ఇదీ. అందుకని తగ్గినంత మంచినీళ్ళు తనంతట తనే పోసుకునే చిన్న మోటారు ఒకటి.

తొట్టె కింద బీరువాలో ఇంకో చిన్న తొట్టె. హైదరాబాదు ఇళ్ళల్లో సంపు ఉంటుందే, అదే అనుకోండి. పైతొట్టె అంచు మీంచి పొర్లిన నీళ్ళు గొట్టాల్లోంచి సంపులోకి దిగుతాయి. అక్కడ శుభ్రపడి, మోటారు పట్టి మళ్ళీ పైకి వెళతాయి. శుభ్రం చేసే యంత్రం సన్నటి గాలిబుడగలు పుట్టిస్తుంది. నీళ్ళలోని మడ్డి ఆ నురగకి అంటుకుని పైకి తేలుతుంది, దాన్ని తీసి పారబోయడమే. బెల్లంపాకం మీద తెట్టు తీసిన ఏ ఇల్లాలికైనా ఇందులో తెలియనిదేముంది?

మరో విశేషం. అన్నీ అమర్చాక వెంటనే చేపల్ని వదలకూడదట. ఊరికే నీళ్ళు తిప్పుతూ వారాల తరబడి కాచుకోవాలి. చేపల మలినాన్ని విరిచే సూక్ష్మజీవులు రాళ్ళ మీద పెరిగేదాకా ఆ నీరు విషమే. "అంటే తోడు పెట్టడం" అన్నాను. వాడు నోరు తెరిచి, "నాలుగు పుస్తకాలు చదివినా ఇంత సులువుగా ఎవరూ చెప్పలేదక్కా" అన్నాడు. నాకు కాస్త గర్వం కలిగిన మాట నిజం.

అన్నిటికన్నా ముఖ్యం నీటి పరుగు. పగడం కదలలేదు. కూర్చున్నచోటికే తిండి రావాలి, ఊపిరి రావాలి, ఒంటి మురికి అక్కణ్ణించే కొట్టుకుపోవాలి. కదలని నీళ్ళలో అది తన మురికిలో తనే ఊపిరాడక చస్తుంది. సంపు మోటారు గంటకి తొట్టెడు నీళ్ళని నాలుగుసార్లు తిప్పితే చాలు. దాని డబ్బా మీద రాసిన అంకెని మాత్రం నమ్మకూడదు. అది నీరు పైకెక్కనక్కర్లేనప్పటి లెక్క. మూడో అంతస్తులో ఉండేవాళ్ళకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. తొట్టె లోపల అలలు పుట్టించే పంపులు వేరు. అవి గంటకి ముప్పై తొట్టెల నీళ్ళు కదిలించాలి. అంటే 27,000 లీటర్లు! పదిహేను లీటర్ల బిందెతో లెక్కేసి చూశాను. గంటకి 1,800 బిందెలు. మా నాయనమ్మ బతికుంటే గుండె బాదుకునేది.

ఇంత సంబరంలోనూ ఒక మనిషి మాట్లాడలేదు. మా మరదలు. కాఫీ తెచ్చి పెట్టింది, కాగితాల కేసి ఒకసారి చూసింది, లోపలికి వెళ్ళిపోయింది.

"దానికిష్టం లేదు. ఖర్చని భయం" అన్నాడు తమ్ముడు. నేనూ అలాగే అనుకున్నాను. ఆడవాళ్ళం కదా, ఖర్చు దగ్గర ఆగడం మనకి అలవాటే.

ఆ రాత్రి నిద్రపట్టక మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళాను. దీపం వెలుగుతోంది. మరదలు తమ్ముడి కాగితాలు ముందేసుకుని, కూరల బిల్లు వెనక పెన్సిలుతో ఏదో లెక్క వేస్తోంది. నన్ను చూసి చప్పున దాచబోయింది.

"ఏమిటమ్మాయ్ అది?"

"ఏం లేదు వదినా. మీ తమ్ముడు ఒక్క లెక్క మర్చిపోయారు. కరెంటు పోతే ఏమవుతుంది?"

మా మరదలు భీమిలి పిల్ల. ఫిజిక్సులో ఎమ్మెస్సీ. పెళ్ళికి ముందు విశాఖపట్నంలో పాఠాలు చెప్పేది. వీసా ధర్మమా అని కొన్నేళ్ళు ఇంట్లోనే కూర్చుంది. ఆ చదువు సంగతి మేమంతా ఎంత సుఖంగా మర్చిపోయామో ఆ బిల్లు చూశాక తెలిసింది.

"ఎనిమిది రెళ్ళు పదహారు చదరపుటడుగులు. అందులో ఒక్క అంగుళం నీరంటే 38 లీటర్లు వదినా. నీళ్ళు పైకి పోసే గొట్టం మూతి మూడంగుళాల లోతున పెట్టారు. మోటారు ఆగిందంటే ఆ గొట్టమే నీళ్ళని వెనక్కి లాగేస్తుంది, మూతికి గాలి తగిలేదాకా. అంటే 110 లీటర్ల పైన. ఈయన సంపులో వదిలిన ఖాళీ అరవై. మిగతా యాభై ఎక్కడికి పోతాయి?"

"ఎక్కడికి?"

"నా తివాచీ మీదకి. పాత తొట్టెకి అలాగే అయింది. మూడుసార్లు తుడిచాను."

నవ్వాను. తను నవ్వలేదు. అప్పుడు చెప్పింది, 2021 ఫిబ్రవరి సంగతి.

ఆ నెల నడిమధ్య టెక్సాస్ అంతా గడ్డకట్టింది. 40 లక్షల పైచిలుకు ఇళ్ళకీ దుకాణాలకీ కరెంటు పోయింది. 16వ తేదీన డల్లాస్‌లో సున్నాకి 19 డిగ్రీల దిగువ చలి. తమ్ముడు అప్పుడు మా దగ్గర ఉన్నాడు. అమ్మకి ఒంట్లో బాగాలేదని వచ్చి, రాజమండ్రిలో ఉండిపోయాడు. అక్కడ మరదలు ఒక్కర్తే, నాలుగేళ్ళ పిల్లతో. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ పిల్లకి చుట్టి, బట్టల గదిలో పడుకోబెట్టింది. హాల్లో పాత తొట్టె, 280 లీటర్లది, పంపులు ఆగి నిశ్శబ్దంగా ఉంది.

"నీళ్ళు కదలకపోతే వాటికి ఊపిరాడదని మీ తమ్ముడెప్పుడూ అనేవారు. అందుకని మగ్గుతో ముంచి ఎత్తునుంచి పోశాను. పది నిమిషాలకోసారి. రాత్రంతా. పోస్తూ వెళ్ళి పిల్ల కాళ్ళు వెచ్చగా ఉన్నాయో లేవో చూడటం, మళ్ళీ వచ్చి పోయడం. వేళ్ళు కొంకర్లుపోయాయి. రెండోరోజు తెల్లారేసరికి అన్నీ పోయాయి వదినా. నీళ్ళు మరీ చల్లబడిపోయాయి."

నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. ఆ మర్నాడు ఎలాగో ఫోను కలిసినప్పుడు, మాట్లాడినవాళ్ళలో నేనూ ఉన్నాను. నేనన్న మాట నాకు బాగా గుర్తుంది. "చేపలేగా, పోతే పోయాయిలే" అన్నాను. ఓదార్పు అనుకున్నాను.

"మీరన్నది నిజమే. చేపలే. కానీ ఆ రాత్రి ఆ చీకట్లో నా చేతిలో ఉన్న పని అదొక్కటే. అది ఎవరూ అడగలేదు. ఇప్పుడు దానికి మూడింతల తొట్టె. రేపు మళ్ళీ కరెంటు పోతే, ఈయన ఏ ఊళ్ళో ఉంటారో. మగ్గు నా చేతికే వస్తుంది కదా?"

నవలల్లో ఎన్ని కాపురాలు చక్కబెట్టానో లెక్కలేదు. ఆ వంటింట్లో మాత్రం నాకొక్క మాటా తోచలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, "ఆ లెక్క నాకూ చెప్పు" అన్నాను. తెల్లవారుజాము దాకా చెప్పింది.

మర్నాడు ఆదివారం. తమ్ముణ్ణి కూర్చోబెట్టి బిల్లు వాడి ముందు పెట్టాను. లెక్క చూసి వాడి మొహం మాడింది. "ఇది ఎవరు వేశారు?" అన్నాడు. చెప్పాను. ఆ తర్వాత మగ్గు సంగతీ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడు చివరికి.

"అడిగావుట్రా?" అన్నాను. అన్నాక, ఆ మాట నాకూ తగిలింది.

పథకం మళ్ళీ మొదలైంది. ఈసారి పెన్సిలు మరదలి చేతిలో. మొదటి పేజీలోనే కరెంటు పోతే ఏంచెయ్యాలో రాసింది. అలల పంపుల్లో ఒకదానికి బ్యాటరీ. అది నీళ్ళ పైభాగాన్ని కదిలిస్తుంటే చాలు, ఊపిరి ఆడుతుంది. అంతకన్నా ఎక్కువసేపు పోతే పెరట్లో జనరేటరు. పైగొట్టం మూతి అంగుళం లోతుకి మించకూడదు. సంపులో 110 లీటర్ల ఖాళీ ఎప్పుడూ ఉండాల్సిందే. నీరు వెనక్కి రాకుండా కవాటం పెడదామన్నాడు తమ్ముడు. "ఒక నత్త అడ్డంపడితే అది మూసుకోదు. ఖాళీ స్థలం మోసం చెయ్యదు" అంది.

పైనుంచి దిగే గొట్టాలు మూడు. ఒకటి నిండుగా, చప్పుడు లేకుండా పారేది. రెండోది మిగిలిన కాస్త నీళ్ళకి. మూడోది ఎప్పుడూ పొడిగానే ఉండాలి. మొదటి రెండూ పూడుకుపోయిన రోజున ఇల్లు కాపాడేది అదే. "పోపులపెట్టె అడుగున దాచిన డబ్బన్నమాట" అన్నాను. మరదలు మొదటిసారి పకపకా నవ్వింది.

అలల దగ్గర మళ్ళీ వాదన. తమ్ముడు పెద్ద పంపులు రెండూ ఒకే గోడకి పెట్టాడు. "ఇలా ఊదితే అది కాలవండీ, సముద్రం కాదు. ఎదురుగా ఉన్న పగడానికి తోలు ఊడుతుంది, రాళ్ళ వెనకున్నదానికి గాలాడదు. మా భీమిలిలో అల వస్తుంది, ఆగుతుంది, వెనక్కి పోతుంది" అంటూ తను చేత్తో చూపించింది. ఇటో రెండు, అటో రెండు, వంతులవారీగా తిరగాలంది. రాళ్ళని వెనక గోడకి ఆనించకుండా చెయ్యి పట్టేంత సందు వదలమంది. లేకపోతే మురికంతా అక్కడే పేరుకుంటుందట. వాడు కిమ్మనకుండా రాసుకున్నాడు. చిన్నప్పుడు నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్నప్పుడు కూడా అంత బుద్ధిగా కూర్చోలేదు.

నేను తిరిగొచ్చి నాలుగు నెలలైంది. మొన్న మరదలు ఫోన్ చేసింది. తొట్టెలో నీళ్ళు తిరుగుతున్నాయట. ఇంకా తోడుకుంటున్నాయి. చేప ఒక్కటీ లేదు, పగడమూ లేదు.

"ఇవాళ మెయిన్ తీసేసి చూశాం వదినా. అరగంట. నీళ్ళు సంపు అంచుకి నాలుగు వేళ్ళ దిగువకి వచ్చి ఆగాయి. చుక్క కింద పడలేదు. బ్యాటరీ పంపు దానంతటదే అందుకుంది."

"మెయిన్ ఎవరు తీశారు, నువ్వేనా?"

"కాదు, నేను గడియారం చూశాను. మెయిన్ తీసింది మీ తమ్ముడే" అని, కాస్త ఆగి, గొంతు తగ్గించి చెప్పింది. "తుడిచే గుడ్డ పట్టుకుని నిలబడిందీ ఆయనే."