మూడు చక్రాల మీద మొగిలి ఘాటు

1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఫ్రెంచివాడు వెనక్కి ఆనుకొని తొక్కే సైకిలు మీద గంటలో 45 కిలోమీటర్లకు పైగా పోయాడు. 1934లో అంతర్జాతీయ సైక్లింగు సంఘం ఆ రకం బండ్లను పందేలకు పనికిరావంది. అలాంటిదే, మూడు చక్రాలది, పాత సైకిళ్ళ సామానుతో నేనొకటి వెల్డింగు చేయించుకున్నాను.

“పనుకోని తొక్కేదేందిరా, జనం నగరా?” అన్నాడు నాయన.

నెల రోజులు మామిడితోపు బాటలో కాళ్ళకు అలవాటు చేశాను. సీటు మోకాలెత్తు కూడా లేదు. లారీవాళ్ళకు కనబడాలని వెదురుబద్దకు ఎర్రగుడ్డ కట్టాను. పంక్చరు సామాను, నీళ్ళు, అమ్మ కట్టిచ్చిన చిత్రాన్నంతో బంగారుపాళ్యం నుంచి బెంగుళూరికి ఒంటరిగా బయలుదేరాను.

మొగిలి ఘాటు ఎక్కడం కష్టమే. ఆనుకొని కూర్చుంటే ఒంటి బరువు పెడలు మీద మోపలేం. అయితే రెండు చక్రాల సైకిలు బాగా నెమ్మదిస్తే ఒరుగుతుంది. ఇది మనిషి నడకకన్నా మెల్లగా పోయినా ఒరగదు. ఆగుతూ, తొక్కుతూ పలమనేరు చేరాను.

మా ఇంట్లో కాలేజీకి వచ్చిన మొదటివాణ్ణి నేను. అందరితో పరుగెత్తకపోతే పడిపోతానని మూడేళ్ళుగా భయం. ఘాటెక్కాక అది సగం తగ్గింది. మర్నాటి సాయంత్రానికి బెంగుళూరు చేరాను.

బండి ఇప్పుడు హాస్టలు షెడ్డులో ఉంది. తొక్కి చూడదలచిన మిత్రులు రావచ్చు.