ఇంటి వంటా, కారియరు భోజనమా?

మా అక్క పెళ్ళి 1996 మే నెలలో తెనాలిలో జరిగింది. ఆ సంగతి ఇప్పుడు మాకెందుకంటారా? చెబుతాను. ఆ పెళ్ళికి వీడియో తీయించారు. దండగ ఖర్చని నాన్న, మగపెళ్ళివారు అడిగారని అమ్మ, వారం రోజులు వాదించుకుని చివరికి తీయించారు. మూడు గంటల కాసెట్టు. ఏడేళ్ళ తర్వాత, 2003లో, నాన్న వెళ్ళిపోయారు. కెమెరా కనబడితే పక్కకి తప్పుకునే మనిషి. ఆయన ఫోటోలు మా దగ్గర పట్టుమని పది లేవు. నడిచే నాన్న, కండువా సర్దుకునే నాన్న, వంటవాళ్ళ మీద కేకలేసే నాన్న ఆ కాసెట్టులో తప్ప ఈ భూప్రపంచంలో ఇంకెక్కడా లేరు. ఆ కేకలైనా వినబడవనుకోండి. వాటి మీద వీడియో అబ్బాయి సినిమా పాటలు కలిపేశాడు.

అమ్మ ఆ కాసెట్టుని పట్టుచీరెల మధ్య దాచింది కాబట్టి బతికింది. రీలు మీద అక్కడక్కడా తెల్లటి బూజు పట్టింది. మొన్న వేసవిలో దాన్ని శుభ్రం చేయించి కంప్యూటర్లోకి ఎక్కించి తెచ్చుకున్నాం. ఇంటిల్లిపాదీ కూర్చుని హాల్లో పెద్ద టీవీలో వేసుకున్నాం. ఏం చెప్పమంటారు! పెళ్ళికూతురెవరో, పందిట్లో అరటిచెట్టేదో పోల్చుకోవడం కష్టమైంది. ఎవరు కాస్త వేగంగా కదిలినా ఒళ్ళంతా దువ్వెన పళ్ళలాగా చారలు.

"అవి ఇంటర్లేసింగ్ చారలమ్మా. పాత టీవీ పద్ధతి అంతే" అన్నాడు మావాడు. ఇంజనీరింగు చదువుతున్నాడు లెండి. అప్పట్లో ఒక్కో బొమ్మనీ రెండు సగాలు చేసి, ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు పంపేవారట. సెకనుకి ఇరవై అయిదు బొమ్మలు, యాభై సగాలు. పాత టీవీలో కలిసిపోయి బాగానే కనిపించేవి. ఇప్పటి తెరమీద రెండు సగాలూ ఒకేసారి కనిపించి ఇలా చారలు కడతాయి. ముందు వాటిని విడదీసి సరిచేయకుండా బొమ్మ పెద్దది చేస్తే చారలు కూడా పెద్దవవుతాయని వాడి హెచ్చరిక. బి.ఏ. చదివిన నాకు కూడా అర్థమయ్యేలా చెప్పాడు.

అక్కడ మొదలైంది రామాయణం. డల్లాస్‌లో ఉన్న మా అక్క కొడుకు ఫోన్ చేసి, "పిన్నీ, ఫైలు క్లౌడ్‌కి పంపించెయ్. వాళ్ళే ఏఐతో పెద్దది చేసి పంపిస్తారు. నువ్వు కాఫీ తాగి వచ్చేలోపు అయిపోతుంది" అన్నాడు. మావాడికి పౌరుషం వచ్చింది. "మన ఇంట్లో గ్రాఫిక్స్ కార్డుంది. ఎవరినో దేబిరించడం ఎందుకు?" ఆ కార్డు చదువుకోసమని కొనిపించుకుని ఆటలకి వాడుతున్నాడు. దానికొక సత్కార్యం దొరికిందని సంతోషించాను.

ఇద్దరూ కలిసి నాకు చెప్పినదాన్నిబట్టి నాకు తోచిందేమిటంటే, ఒకటి ఇంటి వంట, రెండోది కారియరు భోజనం. ఇంటి వంటకి గిన్నెలు, పొయ్యి, ఓపిక మనవి. కారియరుకి డబ్బులిస్తే చాలు. కాకపోతే ఉప్పు ఎంతెయ్యాలో వాళ్ళిష్టం. ఇంట్లో నడుపుకునే వాటిలో టోపాజ్ పేరు బాగా వినిపిస్తుంది. ఇదివరకు ఒక్కసారి కొనుక్కుంటే సరిపోయేది. 2025లో ఆ పద్ధతి ఎత్తేసి చందా పెట్టారు. వీడియో టు ఎక్స్ లాంటి ఉచితమైనవీ ఉన్నాయి. అన్నట్టు ఆ టోపాజ్ వారే క్లౌడులో కూడా చేసిపెడతారట. హోటలువాడే వంటసామాను అద్దెకిచ్చినట్టు.

మా శ్రీవారు బ్యాంకు మనిషి. కాగితం, పెన్ను తీసుకున్నారు. మూడు గంటల కాసెట్టంటే రెండు లక్షల డెబ్భై వేల బొమ్మలు. పూర్తి 4కె సైజుకి పెంచితే మావాడి కార్డు సెకనుకి మూడు బొమ్మలే చెయ్యగలుగుతోంది. అంటే పాతిక గంటలు. తొమ్మిది యూనిట్ల దాకా కరెంటు. వంద రూపాయల లోపే! ఇక క్లౌడు సంగతికొస్తే, కాసెట్టులోని నాణ్యత పోకుండా ఎక్కించిన ఫైలు 39 గిగాబైట్లుంది. మా ఇంటి నెట్టు సెకనుకి ఇరవై మెగాబిట్ల చొప్పున పైకి పంపుతుంది. కాబట్టి పంపడానికే నాలుగు గంటల పైచిలుకు. "కాఫీ తాగి వచ్చేలోపా? ఆ కాఫీ ఏ అరకులోనో తాగిరావాలి" అన్నారాయన.

ఏమైతేనేం, రెండూ రుచి చూద్దామనుకున్నాం. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తాం కదా. మూడు గంటలూ పెట్టకుండా, అప్పగింతల దగ్గర ఒక్క నిమిషం ముక్క కోసి అటూ ఇటూ కూడా ఇచ్చాం.

ఎందుకా ముక్కంటే, అందులో ఒక చోట నాన్న ఉన్నారు. తెల్లవారుజాము. వీడియో లైటు కారు మీదా, ఏడుస్తున్న అక్క మీదా ఉంది. వెనకాల చీకట్లో పందిరి గుంజ పక్కన నాన్న నిలబడి, కళ్ళజోడు తీసి, కండువా మొహం దాకా తీసుకెళతారు. ఆరేడు సెకన్లు. అంతే. నాన్న కంటతడి పెట్టగా నేనెన్నడూ చూడలేదు. ఆయన ఆ వేళ ఏడ్చారా లేదా? ముప్ఫయ్యేళ్ళనాటి ఆ చీకట్లో నాకు కావలసింది అదొక్కటే. పెళ్ళికి నాకు పదహారేళ్ళు. నా పరికిణీ ధ్యాసలో నేనున్నాను.

క్లౌడు నుంచి ముక్క నిజంగానే చిటికెలో వచ్చింది. బ్రహ్మాండంగా ఉంది. అక్క బుగ్గన చుక్క కూడా మెరుస్తోంది. పందిట్లో థర్మాకోలుతో అతికించిన వధూవరుల పేర్లు మాత్రం తెలుగూ కాని, తమిళమూ కాని కొత్త లిపిలోకి మారిపోయాయి. నవ్వుకున్నాం. తర్వాత నాన్న వచ్చారు. మొహాన స్ఫోటకం మచ్చలు లేవు. నున్నటి చెంపలు. పెదవుల చివర ఒక చిన్న చిరునవ్వు.

నా గుండె కలుక్కుమంది.

"అది దాని తప్పు కాదమ్మా" అన్నాడు మావాడు. అసలు బొమ్మలో ఉన్నవి 720 ఇంటూ 576, అంటే 4,14,720 చుక్కలు. 4కె తెరకి కావలసినవి 82,94,400. సరిగ్గా ఇరవై రెట్లు. ఇరవై చుక్కల్లో ఒకటి కాసెట్టు ఇస్తే, మిగిలిన పందొమ్మిదీ యంత్రం ఊహించి పెట్టాలి. లక్షల మొహాలు చూసి నేర్చుకున్న ఊహ అది. మొహమంటే మామూలుగా ఎలా ఉంటుందో అలా పూరించేస్తుంది. మా నాన్న మొహం మామూలు మొహం కాదని దానికెవరు చెప్పాలి?

పోనీ ఇంటి వంట సంగతి చూద్దామా? మీటలన్నీ పైకి తోసి చూస్తే అదీ అంతే. ఈసారి చిరునవ్వు లేదు కానీ, ఎవరివో కొత్త కళ్ళొచ్చాయి. ఇల్లయినా క్లౌడయినా లోపల పనిచేసే బుద్ధి ఒక్క జాతిదే. నిజం చెప్పొద్దూ, ఇంట్లో చేస్తే నాన్న నాన్నలా వస్తారని నాలో ఏదో ఆశ ఉండేది. ఆ ఆశ పోయింది.

కానీ తేడా ఒకటుంది. మొహాలు బాగుచేసే మీట ఆపేయమన్నాను. ఆపాడు. పదును తగ్గించమన్నాను. తగ్గించాడు. 4కె జోలికి పోకుండా రెండింతలు చాలన్నాను. సరేనన్నాడు. ఆ ఒక్క నిమిషం ముక్కని పదకొండుసార్లు వండించాను. పదకొండుసార్లూ పొయ్యి మాదే, ఎవరూ బిల్లు వెయ్యలేదు. మేము పంపిన క్లౌడువాడి దగ్గర ఉన్నది ఒక్కటే బొత్తాం. మీటలున్న క్లౌడులూ ఉన్నాయని మా అక్క కొడుకు వాదన. ఉండొచ్చు. కానీ అక్కడ తప్పు చేసిన ప్రతిసారీ క్రెడిట్లు ఖర్చు. నాలాంటి చాదస్తపు మనిషికి పదకొండు తప్పులు చేసే స్వాతంత్ర్యం కావాలి.

ఇంకొకటి. మా శ్రీవారు ఏ షరతుల కాగితమైనా చివరిదాకా చదువుతారు. పంపిన బొమ్మల్ని తమ సేవ మెరుగుపరచుకోవడానికి వాడుకోవచ్చని అందులో ఒక వాక్యం ఉంది. మా పిన్నులూ అత్తయ్యలూ పెళ్ళింట్లో అలసిపోయి నేలమీద పడుకున్న దృశ్యాలున్నాయి ఆ కాసెట్టులో. వాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు. వాళ్ళనడగకుండా ఊరెవరికో ఎలా పంపను? ఒక్క నిమిషం ముక్క పంపినందుకే మనసులో పీకుతోంది.

అమ్మని కూర్చోబెట్టి మూడూ చూపించాం. శుక్లాల ఆపరేషనయ్యాక అమ్మ చూపు నాకంటే నయం. క్లౌడు నాన్నని చూసి, "ఈయనెవరే? మీ బావగారి తరఫు మనిషా?" అంది.

మావాడికి నవ్వాగలేదు. నాకు నవ్వు రాలేదు.

మీటలన్నీ తగ్గించి ఇంట్లో వండినది చూసి, "ఆఁ, మీ నాన్న" అంది. ఏ మార్పూ చెయ్యని మసక ముక్క చూపిస్తే ముందుకు వంగి, "కళ్ళజోడు తుడుచుకుంటున్నారు" అంది. "ఏడుస్తున్నారా అమ్మా?" అన్నాను. "చెబుతున్నానుగా, కళ్ళజోడు తుడుచుకుంటున్నారు." మే నెలలో కళ్ళజోడు మీద మంచెందుకు పడుతుందని అడగబోయి ఊరుకున్నాను. అమ్మ మళ్ళీ వెయ్యమంది. మళ్ళీ వేశాం. మళ్ళీ వెయ్యమంది.

శనివారం రాత్రి పొయ్యి వెలిగించాం. రెండింతలే కాబట్టి తొమ్మిదిన్నర గంటలు. కరెంటు పోతుందని భయపడి మావాడు మూడు గంటల్నీ పదిహేను ముక్కలు చేసుకున్నాడు. పోతే ఒక ముక్కే పోతుంది. క్లౌడువాడికి ఈ బాధ లేదు సుమా, ఒప్పుకోవాలి. గది వేడెక్కుతుంటే కంప్యూటరు పక్కన టేబులు ఫ్యాను పెట్టి, బాలింతని కనిపెట్టుకున్నట్టు కనిపెట్టుకున్నాం.

"అప్పగింతల దగ్గర తాతయ్య ముక్క ఏం చెయ్యను?" అని అడిగాడు అర్ధరాత్రి.

"అది ముట్టుకోకు. ఉన్నదున్నట్టు అతికించు."

"మధ్యలో ఒక్కసారిగా మసగ్గా అయిపోతుందమ్మా. పెద్దమ్మ ఏమనుకుంటుంది?"

"అనుకోనీరా" అన్నాను.