పేరు రాయని అంట్లు

కడియపులంక,
కార్తీక పౌర్ణమి మర్నాడు

ఏమే చిట్టీ,

నేరుగా అసలు సంగతికొస్తున్నాను. ఫోన్లో చెప్పొచ్చు గానీ, నువ్వు చెవిలో అదేదో పెట్టుకుని గిన్నెలు తోముతూ ‘ఊఁ’ కొడతావు. ఇది కూర్చుని చదవాల్సిన విషయం. చివర్లో నీకో పని కూడా ఉంది.

మీ నర్సరీ గేటు తెరిచాం.

మీ అన్నయ్య నీతో అన్నాడో లేదో. మాఘమాసంలో హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు తాళంచెవి నా చేతిలో పెట్టి, “పాములపుట్ట అయిపోయిందని పక్కవాళ్ళు పోరుతున్నారు. మీరేం చేసుకుంటారో చేసుకోండి టీచరుగారూ” అనేసి వెళ్ళిపోయాడు. చిన్నప్పుడు నా జడ పట్టుకు లాగినవాడు ఇప్పుడు నన్ను టీచరుగారూ అంటున్నాడు, చూశావా. తాళంచెవి పనిచెయ్యలేదు. తాళం తుప్పుపట్టి రాయైపోయింది. గొలుసు కోయించాల్సి వచ్చింది.

2020 వేసవి నీకు గుర్తు చెయ్యక్కర్లేదు. మార్చి 25న లాక్‌డౌన్ పెట్టారు, హైవే మీద లారీ కదల్లేదు. పూల మార్కెట్టు మూతపడింది. మనుషుల్ని ఇంట్లో కూర్చోబెట్టగలం గానీ మొక్కని కూర్చోబెట్టలేం, దానికి రోజూ నీళ్ళు కావాలి, నీళ్ళు పెట్టే మనిషికి కూలి కావాలి. మీ నాన్న, బాబాయిగారు, అప్పు తెచ్చి మరీ ఆ వేసవంతా నీళ్ళు పెట్టించారు. నిలిచిపోయిన మొక్క వడ్డీ లేని అప్పు కాదు, వడ్డీ ఉన్న అప్పు అని ఆయనే అనేవారు కదా. మరుసటేడు ఆయనే పోయారు. ఆ తర్వాత గేటు తీసినవాళ్ళు లేరు.

లోపల ఏముంటుందనుకున్నావు? ఎండిపోయిన కవర్లుంటాయని వెళ్ళాను నేను. చీకటి కోన ఎదురైంది. నీళ్ళు పెట్టే దిక్కు లేకపోయినా, కింద ఉన్నది గోదావరి ఒండ్రు కదా. రాయల్ పామ్‌లూ, ఫైకస్‌లూ ఏ కవరులోవి ఆ కవరు అడుగు చీల్చుకుని నేలలోకి దిగిపోయాయి. అమ్మకానికని జానెడు జానెడు దూరంలో నిలబెట్టినవేమో, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇరవై అడుగులు పైకెళ్ళాయి. కాండాలు లావెక్కి, నల్లకవరు పీలికలు మొదట్లో మొలతాడులా బిగుసుకుపోయాయి. షేడ్‌నెట్ చిరిగి బూజులా వేలాడుతోంది. ఇనప స్తంభాలూ, బోరు మోటారూ ఎప్పుడో కాళ్ళొచ్చి నడిచిపోయాయి. కుండీల గుట్ట కదిపితే జెర్రిపోతు బయటికొచ్చింది. ఆ రోజుకి పని అక్కడితో సరి.

కోనోకార్పస్‌లు ఒక వరస మొత్తం ఉన్నాయి. ఒకప్పుడు లారీల లెక్కన పోయేవి కదా. వాటి మీద గొడవలు రేగాక, గుజరాత్ వాళ్ళు 2023లో నాటడమే మానమన్నాక, ఊరికే ఇస్తామన్నా పట్టుకెళ్ళేవాడు లేడు. కొట్టించేశాం. ఆ కర్రే ఇప్పుడు పాదులకి పందిరి.

చెట్లు కొట్టడం సులువే. ప్లాస్టిక్ ఏరడమే మా ప్రాణం తీసింది. గునపం దించితే మన్ను రాదు, కవరు వస్తుంది. దాని కింద మట్టి, మళ్ళీ కవరు. పాత పుస్తకంలో చెదపట్టిన పేజీలు విప్పినట్టు పొర మీద పొర. ముప్పయ్యేళ్ళ కవర్లు. పై పొరవి చేతిలో పొడైపోతాయి, అడుగునవి మాత్రం కొత్తవాటిలా మెరుస్తాయి. 41 బస్తాలు ఏరాం. మట్టి అంటిన సరుకు వద్దని పాతసామాను వాడు మొహం తిప్పేసుకుంటే, వేసవంతా ఎండబెట్టి, దులిపి, బతిమాలి అంటగట్టాం. ఇప్పటికీ మడి తవ్విన ప్రతివాడి గుప్పిట్లోనూ ఒక నల్లపీలిక ఉంటుంది.

దీన్ని ఉమ్మడి తోట చెయ్యాలన్న ఆలోచన నాకెలా వచ్చిందో చెప్పనా? నువ్వే. పోయినసారి వచ్చినప్పుడు మీ సియాటిల్ పీ-ప్యాచ్ తోటల గురించి రాత్రి పన్నెండు దాకా చెప్పావు. పికార్డో అని ఇటలీ నుంచి వచ్చిన కుటుంబం కూరగాయలు పండించిన పొలమట, 1973లో అదే ఊళ్ళో మొదటి ఉమ్మడి తోట అయ్యిందట, ‘పీ’ అన్నది వాళ్ళ ఇంటిపేరులో మొదటి అక్షరమట. నీకు మడి దొరకడానికి మూడేళ్ళు వరసలో ఉన్నానన్నావు. తీరా దొరికితే అక్కడి చలికి గోంగూర జానెడు దాటి లేవలేదని ఏడ్చావు. అప్పుడు నవ్వాను గానీ ఆ మాట నాలో ఉండిపోయింది. నర్సరీలో పుట్టినదానివి నువ్వు, అక్కడెక్కడో మడి కోసం మూడేళ్ళు ఆగావు. ఇక్కడ మీ 70 సెంట్లు తాళంలో ఉంది. దాని చుట్టూ ఉన్న ఇళ్ళవాళ్ళకి కొత్తిమీర విత్తనం చల్లుకోడానికి చోటు లేదు. ప్రభుత్వం ఇచ్చిన సెంటున్నరలో ఇల్లు కట్టాక మిగిలేది తులసికోట పట్టేంత జాగా. వాళ్ళలో సగం మంది జీవితమంతా మొక్కలు పెంచినవాళ్ళే, పరాయి మొక్కలు.

మొత్తం 26 ఇళ్ళు. ఇంటికో సెంటు. మిగతాది దారులూ, నారుమడీ, ఎరువు గొయ్యి, తల్లి మొక్కలు.

మీ దగ్గర కవర్లు నింపిన మామ్మ గుర్తుందా, నోట్లో ఎప్పుడూ చుట్ట ఉండేది, అడ్డపొగ? ఇప్పుడు చుట్ట మానేసింది, నింపడం మానలేదు. మొదటిరోజే ఒక కవరు తీసుకుని, రెండు గుప్పిళ్ళ మట్టి, నేలకేసి రెండు దెబ్బలు, ఇంకో గుప్పెడు, అంచు మడత, నేను లెక్కపెట్టేలోగా అయిదు కవర్లు నిలబెట్టేసింది. నారుమడి ఆమెకే అప్పగించాం. సొంత మడిలో వంకాయ నారు నాటమంటే మాత్రం జానెడుకొకటి గుచ్చేసింది. మూరన్నర ఎడం ఉండాలి మామ్మా అంటే, “ఇంత ఖాళీ వదిలేస్తే ఎవరిదో అనుకుని తొక్కేత్తారమ్మా” అంది. పీకించి మళ్ళీ నాటించాను. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ముప్పయ్యేళ్ళు మొక్కల మధ్య ఉండి, మొక్క కాయ కాయడం తన చేతి కింద చూడటం ఇదే మొదటిసారని ఆవిడే తర్వాత చెప్పింది. మొన్న మొదటి కోత నాకు పంపింది. పుచ్చు కాయలు ఏరి మరీ పంపింది, అలక పూర్తిగా తీరలేదన్నమాట.

నీకు నవ్వొచ్చే ముక్క ఇంకోటుంది. నర్సరీ నేల అంటే బంగారం అనుకున్నాను నేను, బళ్ళో బతికినదాన్ని కదా. ఎర్రమట్టీ, గెత్తం, ఊకా కలిపిన మంచి మన్నంతా మొక్కతో పాటే లారీ ఎక్కి వెళ్ళిపోతుందనీ, వెనక మిగిలేది తొక్కుడుకి గట్టిపడిన నేలనీ నీలాంటిది చెబితే తప్ప మాకెలా తెలుస్తుంది? ఆషాఢంలో టమాటా నాటాం. నెలకే వాడిపోవడం మొదలు. నీళ్ళు చాలలేదని ఒకరు, దిష్టి అని ఒకరు. పీకి చూస్తే వేళ్ళ నిండా బొడిపెలు, రుద్రాక్షమాల లాగ. నులిపురుగులు. ఏళ్ళ తరబడి తడి ఆరని నర్సరీ నేలల్లో అవి కాపురం పెడతాయట. వ్యవసాయశాఖలో పనిచేస్తున్న నా పాత శిష్యురాలు వచ్చి చూసి, “ఈ పంటకి టమాటా మర్చిపోండి టీచర్, వేపపిండి వేసి బంతి నాటండి, బంతి వేళ్ళు వాటికి పడవు” అంది. కూర కోసం వచ్చినవాళ్ళని పూలు నాటమంటే ఊరుకుంటారా? ఇద్దరు మడులు వదిలేసి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు సణుక్కుంటూనే నాటారు. సరిగ్గా దసరాకి విరగబూసింది! మన పూల మార్కెట్టుకి మూడు కోతలు వేశాం. ఆ డబ్బుతో బోరుకి మోటారు వచ్చింది. అంతవరకూ కాలువ నుంచి డ్రమ్ముల్లో మోసుకున్నాం. వేసవిలో కాలువ కట్టేసిన రోజుల్లో పడిన పాట్లు రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది. వెళ్ళిపోయిన ఆ ఇద్దరూ మోటారు చూసి మళ్ళీ వచ్చారులే. తీసుకున్నాం. నాకు ఇష్టం లేదు గానీ తీసుకున్నాం.

తగువులు లేవనుకోకు. నీళ్ళ వంతుల దగ్గర ప్రతి శనివారం పంచాయితీయే. బెండకాయలు మాయమవుతాయి. ఒకాయన తన సెంటు నిండా అమ్మకానికి కనకాంబరాలు వేసి, మావిడి తలలోకే అంటాడు. ఆవిడకి ఎన్ని తలలో మరి.

ఇక కాగితం సంగతి. ఏడాది దాటిన కౌలుకి రిజిస్ట్రేషన్ ఉండాలి. స్థలం మీ ఇద్దరి పేరునా ఉంది. అన్నయ్య సంతకం ఒక్కటే చాలదు. హైవే పక్కన నేల, బేరాలు వస్తున్నాయని నాకు తెలుసు, అన్నయ్య చెప్పకపోయినా టీ కొట్టులో చెబుతారు. అమ్మొద్దని నేను అనను. ఆ మాట అనే హక్కు నాకు లేదు. అమ్మేదాకా, ఒక అయిదేళ్ళకి, నామమాత్రం కౌలుకి రాసిస్తే వీళ్ళు ధైర్యంగా ఎరువు వేస్తారు. రేపు ఉంటుందో లేదో తెలీని నేలలో ఎవరైనా ఆకుకూరే వేస్తారు, కరివేపాకు మొక్క నాటరు. మీ సియాటిల్‌లోనే మన కాన్సులేటు వచ్చింది కదా, పవర్ ఆఫ్ అటార్నీ కాగితం అక్కడే చేయించుకోవచ్చు. ఇష్టం లేకపోతే లేదని రాయి. మన మధ్య దాపరికం వద్దు.

చివరికి నీ పని.

బావి పక్కన, మీ వంటింటి కిటికీలోంచి కనిపించే మామిడి చెట్టు. తల్లి చెట్టు. మన చిన్నప్పుడు దాని మీదకి ఎక్కితే బాబాయిగారు కర్ర పట్టుకుని వచ్చేవారు. ఏటా పుల్లలు కోసి అంట్లు కట్టేవారు కాబట్టి దానికి పూత నిలిచిందే తక్కువ, పది కాయలు కాసినా మార్కెట్టు వాళ్ళకి చూపించడానికే పోయేవి. ఆ చెట్టు అంట్లు ఒరిస్సాలోనూ, మహారాష్ట్రలోనూ తోటలకి తోటలయ్యాయి అనేవారు ఆయన. దాని పండు మీ ఇంట్లో ఎవరైనా తిన్నారా? నాకైతే గుర్తు లేదు. అయిదేళ్ళు కత్తి తగలకపోయేసరికి ఈ వైశాఖంలో కొమ్మ వంగేలా కాసింది. నీడ పడుతోంది కొట్టేద్దామన్న నోళ్ళు కాయ చూసి మూతపడ్డాయి. 26 ఇళ్ళకీ పంచాం. తొక్క పల్చన, పండినా పచ్చదనం పోదు, పీచు లేదు, తొడిమ దగ్గర కొంచెం ఘాటు. నేను టెంక తెల్లగా అయ్యేదాకా చీకాను, ఈ వయసులో, వీధరుగు మీద కూర్చుని.

దాని పేరే ఎవరికీ తెలీదు. అంట్లు కట్టే మేస్త్రీ కొత్తపల్లి కొబ్బరి అంటాడు. మామ్మ పండూరి మామిడి అని ఒట్టేస్తుంది. రెండూ కావని నా అనుమానం, కానీ నా మాట ఎవరు వింటారు? వేసవిలో ఊరంతా తిని పారేసిన టెంకలు నాటి, మొలకలు ఇంకా ఎర్రగా ఉండగానే మేస్త్రీ చేత ఈ చెట్టు పుల్లలతో అంట్లు కట్టించాం. అరవై కడితే 34 బతికాయి. రెండేసి దొంతర్లు ఆకు వేశాయి. ఇంటికొకటి ఇస్తాం, మిగిలినవి బడికి. వీటిలో ఒక్కటీ లారీ ఎక్కదు.

బాబాయిగారు ప్రతి తల్లి చెట్టుకీ ఎక్కడినుంచి తెచ్చిందీ, ఏ ఏడు నాటిందీ ఒక ఎర్ర అట్ట నోటుబుక్కులో రాసేవారు. ఆయన పోయాక ఆ బుక్కు నువ్వు పట్టుకెళ్ళావని పిన్నిగారు చెప్పారు. అందులో బావి పక్క చెట్టు ఎక్కడుందో వెతుకు. ఆ పేజీ ఫోటో తీసి పంపించు. 34 చీటీలు కోసి పెట్టుకుని కూర్చున్నాను, ఒక్కదాని మీదా ఇంకా ఏమీ రాయలేదు.

నీ
జడ గట్టిగా వేసుకునే దాన్ని