వెనకవైపు గుర్తు

ఏ వస్తువు కొన్నా మావారు ముందు ధర చూస్తారు. నేను తిరగేసి వెనకవైపు చూస్తాను. ఛార్జరుకో, బ్లూటూత్ స్పీకరుకో వెనక చీమతలకాయంత అక్షరాల మధ్య ‘సి.ఇ.’ అన్న గుర్తు మీరూ చూసే ఉంటారు. మేం యూరపు నిబంధనల ప్రకారం చేశాం అని తయారుచేసినవాళ్ళు ఇచ్చే మాట అది.

ఒకప్పుడు మన దేశంలో రేడియో వినడానికే లైసెన్సు ఉండాలి. పోస్టాఫీసులో రుసుము కట్టి, పుస్తకంలో స్టాంపు అంటించుకోవాలి. 1980ల మధ్యలో ఆ ముచ్చట తీరిపోయింది. ఇప్పుడు పూచీ వినేవాడిది కాదు, చేసేవాడిది.

ఈ సంగతులన్నీ నాకెలా తెలుసంటారా? మా అన్నయ్య కొడుకు హైదరాబాదులో చదువుకుని నందిపేట్‌కే తిరిగొచ్చాడు. పసుపు చేలో తేమ కొలిచి, తీగ లేకుండా ఇంటికి కబురు పంపే చిన్న డబ్బా చేశాడు. జర్మనీలో తోటల సామాను అమ్మే వ్యాపారి ఒకడు వంద పంపమన్నాడు. ఇంట్లో పండగే అనుకోండి. పండగ వెనకాలే రూల్సూ వచ్చాయి.

యూరపు వాళ్ళ రేడియో పరికరాల చట్టం 2014 నాటిది. 2016 జూన్ నుంచి అమల్లో ఉంది. అది ముఖ్యంగా అడిగేవి మూడు. మనిషికి హాని చేయకూడదు. పక్క యంత్రాలను చికాకు పెట్టకూడదు. గాలిలో తనకిచ్చిన దారి దాటకూడదు. ఇంటర్నెట్టుతో లంకె ఉన్న వస్తువులకైతే 2025 ఆగస్టు 1 నుంచి దొంగలు చొరబడకుండా కట్టుదిట్టాలూ ఉండాలి.

ఆ దారి సంగతి మరీ తమాషా. ఇలాంటి పనిముట్లకు అక్కడ 868 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల చోటిచ్చారు. అందులో ఒక వరసలో నూటికి ఒక వంతు కాలమే మాట్లాడాలట. అంటే గంటకు 36 సెకండ్లు! అది వినిపిస్తే మా వదిన కిసుక్కున నవ్వి, “గీ రూలు మన ఇంట్ల పెడితే ఎట్లుంటది?” అంది.

నవ్వింది గానీ, ఆవిడ చేతులు అప్పటికే బోసిగా ఉన్నాయి. ల్యాబు పరీక్షల ఖర్చుకి గాజులు బ్యాంకులో పెట్టారు. సరిగ్గా అప్పుడే ఒక ఏజెంటు తగిలాడు. పరీక్షా గిరీక్షా ఏమీ వద్దు, రెండు రోజుల్లో సర్టిఫికెట్టు చేతిలో పెడతానన్నాడు. ధర కూడా ల్యాబులో సగమే.

అన్నయ్య మెత్తబడ్డాడు. “అంత దూరంల ఎవడు చూస్తడురా?”

“సర్టిఫికెట్ ఎవడిచ్చినా కింద సంతకం నాదే గద బాపూ” అన్నాడు వాడు.

నిజమే. వాళ్ళు ఒప్పుకున్న ప్రమాణాలన్నీ పూర్తిగా పాటిస్తే, ఇలాంటి వస్తువుకి ఏ సర్కారు ముద్రా అక్కర్లేదు. చేసినవాడే ప్రకటన రాసి సంతకం పెట్టాలి. పరీక్షల కాగితాలు పదేళ్ళు దాచాలి. వాడే విధానం కొనేవాడి భాషలో రాసివ్వాలి. ఇది చదివి నేను కాస్త అసూయ పడ్డాను సుమండీ! మన రైతు కొనే మోటారు స్టార్టరు డబ్బాలో తెలుగు కాగితం కోసం ఎన్నిసార్లు వెతికానో.

ముక్కూ మొహం తెలియనివాడి సంతకాన్ని నమ్మి వస్తువుని ఇంట్లోకి రానివ్వడమంటే మాటలా? అబద్ధమని తేలితే సరుకు వెనక్కి తీయిస్తారు, అది వేరే సంగతి. మన పసుపుకీ అంతే. ఎగుమతి సరుకులో మందుల అవశేషాలు దొరికాయంటే ఆ చెడ్డపేరు ఒక్క బస్తాతో ఆగదు, ఊరిమీదికొస్తుంది.

మొదటిసారి పరీక్షలో మావాడి డబ్బా గట్టు దాటిందట. తన దారిలో పోవలసిన తరంగం కొంచెం పక్క దారిలోకి పొర్లింది. బోర్డు మార్చి మళ్ళీ పంపాడు. ఫలితం ఇంకా రాలేదు. వదిన గాజులూ రాలేదు.

మొన్న ఏజెంటు మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి అన్నయ్యే ఎత్తాడు. ముప్ఫై ఆరు సెకండ్లు కూడా పట్టలేదు, పెట్టేశాడు.