మంద్రస్వరం

మా చిత్తూరు జిల్లా పల్లెల్లో భారతం జరిగితే పగలు హరికథ, రాత్రి నాటకం. చివరినాడు నేలమీద పడుకోబెట్టిన మట్టి దుర్యోధనుడి తొడను భీముడి వేషగాడు గదతో మోదుతాడు. శాంతిపురంలో నా చిన్నతనాన నాకు నచ్చినది ఆ చచ్చేవాడి గొంతు. అది బావి అడుగునుంచి వచ్చినట్టుండేది. అర్జునుడి హెచ్చుశ్రుతి పద్యానికి చదివింపులు, దుర్యోధనుడికి చావు. నాకూ ఆ గొంతే వచ్చింది. బడిలో పాటకు నిలబడితే, "రాక్షసుని గొంతురా నీది, వెనక్కి పో" అన్నారు. అన్నవారిని తప్పుపట్టను. వారు లోకాచారం చెప్పారు.

ఆ ఆచారం మన ఒక్కరిదే కాదు. ఐరోపా సంగీత నాటకంలోనూ ప్రేమికుడు తారస్థాయిలో పాడతాడు. మంద్రస్థాయి ముసలిరాజుకు, పూజారికి, సైతానుకు. 1957 నాటి "మాయాబజార్"లో అభిమన్యుడికి ఘంటసాల గొంతు, ఘటోత్కచుడికి మాధవపెద్ది సత్యం గొంతు. ఆ విందుపాటను తెలుగువాళ్లు నేటికీ మరువలేదు. అయినా ప్రేమగీతం ఆ గొంతుకు దక్కలేదు.

ఈ హద్దును ధిక్కరించినవాడు పాల్ రోబ్సన్. 1898లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో పుట్టాడు. తండ్రి బానిసత్వంనుంచి పారిపోయి వచ్చినవాడు. కొడుకు 1923లో న్యాయశాస్త్ర పట్టా పొందాడు. న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపేరాలో నల్లజాతి గాయనికి ప్రధాన వేదిక దొరకడానికి 1955 రావలసివచ్చింది. ఆమె మేరియన్ ఆండర్సన్. రోబ్సన్ ఆ ద్వారం దగ్గర కాచుకు కూర్చోలేదు. 1925లో కచేరీ అంతా నల్లజాతివారి పాటలతోనే నడిపాడు. ఒకప్పుడు బానిసలు పొలాల్లో పాడుకున్నవవి. 1943లో న్యూయార్కులో ఒథెల్లో వేషం మొదలుపెట్టి 296 సార్లు ఆడాడు. మంద్రస్వరం అక్కడ నాయకుడిదైంది.

1950లో ప్రభుత్వం ఆయన పాస్‌పోర్టు లాక్కుంది. 1952లో కెనడా సరిహద్దున లారీమీద నిలబడి అవతలివారికి పాడాడు. 1957లో వేల్స్ గని కార్మికులకు టెలిఫోను తీగద్వారా పాడాడు. 1958లో పాస్‌పోర్టు తిరిగివచ్చింది. 1976లో కన్నుమూశాడు. ఆయనలో లోపం లేదని చెప్పను. స్టాలిన్ కాలపు అన్యాయాలమీద ఆ మహాకంఠం బహిరంగంగా మౌనం వహించింది. అభిమానం ఉన్నచోట ఈ మాట కూడా చెప్పాలి. అంత గొంతు మూగబోవడం చిన్న నష్టం కాదు.

ఒక స్వరం రాక్షసుడిదా, మనిషిదా అన్నది ఆ స్వరంలో లేదు. దానికి మనమిచ్చే మాటలో, పాత్రలో ఉంది. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు నేనూ ఉపాధ్యాయుణ్ణే. ఈ ఏడు బడి ఉత్సవానికి అటువంటి గొంతుగల కుర్రవాడొకడు వచ్చాడు. వెనక్కి పంపబోయి ఆగాను. హార్మోనియం శ్రుతి రెండు మెట్లు దింపాం. మిగతా పిల్లలు మొదట నసిగారు, తర్వాత సర్దుకున్నారు. హార్మోనియానికి ఏనాడూ అభ్యంతరం లేదు. ఉన్నదల్లా మన చెవులకే.