సాల్వడార్‌లో ఆరు రోజులు

బ్రెజిల్ అనగానే మనవాళ్ళు రియో అంటారు, లేకపోతే ఫుట్‌బాల్ అంటారు. మేమూ మొదట రియోకే టిక్కెట్లు చూశాం. ఆ దేశంలో అసలు చూడవలసిన ఊరు సాల్వడార్ అని ఒక మిత్రుడు పట్టుబట్టి చెప్పగా, డిసెంబరు సెలవుల్లో రెండు కుటుంబాలం, పిల్లలు నలుగురు, ఎనభై నాలుగేళ్ళ మా మామగారు, వెరసి తొమ్మండుగురం అక్కడ దిగాం. చికాగోలో వాకిట మంచు పారతో ఎత్తిపోసి బయలుదేరిన వాళ్ళం. అక్కడ నడి వేసవి. ముఖాన కొట్టిన ఉక్కగాలికి మామగారు, "ఇది మా వైజాగ్ గాలే" అన్నారు. విశాఖ పోర్టులో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసిన మనిషి. ఆయన మాట మేము కొట్టిపారెయ్యలేదు.

ఊరు రెండంతస్తుల మేడ లాంటిది. సముద్రం ఒడ్డున దిగువ పట్నం, నిటారు గుట్ట మీద ఎగువ పట్నం. 1549లో పోర్చుగీసు గవర్నరు తొమె ది సోజా దీన్ని స్థాపించాడు. 1763లో రియోకు మార్చేదాకా ఇదే రాజధాని. రెండు పట్నాలనూ కలుపుతూ లాసెర్దా ఎలివేటరు ఉంది. 1873 నుంచీ జనాన్ని ఎక్కిస్తూ దింపుతూ ఉంది. 72 మీటర్ల ఎత్తు, అర నిమిషం ప్రయాణం. చేపల బుట్టల వాళ్ళు, బడిపిల్లలు, గుమాస్తాలు, మాబోటి యాత్రికులు, అందరూ ఒకే పెట్టెలో. మోకాళ్ళ నొప్పుల వారు ఈ ఊరికి నిర్భయంగా రావచ్చు.

కింద ఎలివేటరుకు ఎదురుగా మెర్కాదో మొదెలో అనే అంగడి ఉంది. దాని నేలమాళిగలో సముద్రపు నీరు నిలుస్తుంది. బానిసలను ఇక్కడే గొలుసులతో కట్టి ఉంచేవారని మా గైడు గంభీరంగా చెప్పాడు. పిల్లలు నోరెత్తలేదు. తరువాత లెక్క చూస్తే, ఆ భవనం 1861లో కస్టమ్సు వారికోసం కట్టినది; ఆఫ్రికా నుంచి బానిసలను దింపడం బ్రెజిల్‌లో 1850లోనే నిషేధమైంది. నిజం చాలినంత ఘోరంగా ఉన్నప్పుడు ఈ అల్లికలు దేనికో మాకు అర్థం కాలేదు. ఎగువ పట్నంలో అందరూ ఫొటోలు తీసుకునే రంగురంగుల ఇళ్ళ పేట పేరు పెలోరీన్యూ. ఆ మాటకు కొరడాదెబ్బల కంబం అని అర్థం. బానిసత్వం రద్దయింది 1888లో. నేడు ఊళ్ళో ఉన్న దాదాపు 24 లక్షల జనంలో పదిమందికి ఎనిమిది మంది ఆ ఆఫ్రికా రక్తం వారే.

ఈ పేటను యునెస్కో 1985లో వారసత్వ స్థలంగా గుర్తించింది. 1990ల్లో ప్రభుత్వం గోడలకు సున్నాలూ రంగులూ వేయించి, పాత ఇళ్ళల్లో కాపురముంటున్న బీదవారిని వేల సంఖ్యలో కదిలించింది. ఇళ్ళు అందంగా ఉన్నాయి, కాదనము. కాని బట్టలు ఆరవేసిన కిటికీ ఒక్కటి కోసం రెండు వీధులు వెదకవలసి వచ్చింది. బంగారు చెక్కడాల సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలోకి మేము వెళ్ళలేదు. 2025 ఫిబ్రవరిలో దాని పైకప్పు కొంత కూలి ఒక యాత్రికురాలు మరణించడంతో దాన్ని మూసివేశారు. దాని బదులు కొంచెం దిగువన ఉన్న నీలిరంగు రోజరీ మాత చర్చికి వెళ్ళాం. తెల్లవారి చర్చిల్లో చోటు లేని నల్లవారు సొంతంగా సంఘం పెట్టుకుని, తమ పనుల తీరికలో కట్టుకున్న గుడి అది. ప్రార్థనలో డోలు వాయిస్తారు.

మాకు ఈ ఊరు దగ్గరైంది ముందు నాలుకతోనే. వీధి మూలల్లో తెల్లని గుండ్రటి పావడాలు, తలకు తెల్లగుడ్డ చుట్టుకున్న ఆడవాళ్ళు మూకుడు పెట్టుకుని కూర్చుంటారు. అలసందలు నానబెట్టి, పొట్టు తీసి, ఉల్లిపాయ చేర్చి రుబ్బి, ఎర్రటి పామాయిల్‌లో వేయిస్తారు. పేరు అకరాజె. మన అలసంద గారెకు సాక్షాత్తు తోబుట్టువు. పశ్చిమాఫ్రికా నుంచి వచ్చింది. మధ్యకు చీల్చి లోపల పెట్టే ముద్దల్లో ఎండు రొయ్యలుంటాయి కనుక శాకాహారులు మిరపకాయ ముద్ద, టమాటా ముక్కలు మాత్రమే అడగాలి. "వేడిగానా?" అని అడిగింది మా అమ్మి. కారం వెయ్యనా అని దాని అర్థమట. వెయ్యమన్నాం. ఆవిడ మా వంక జాలిగా చూసి కొంచెమే వేసింది. మళ్ళీ వెయ్యమన్నాం. మూడోసారికి పక్క బెంచీ వాళ్ళు కూడా లేచి వచ్చి మమ్మల్ని చూస్తూ నిలబడ్డారు. ఆంధ్రుల పరువు దక్కింది.

ఆ మిరపకాయ అసలు వీళ్ళ ఖండానిదే. జీడిమామిడి, బొప్పాయి, వేరుశనగ, మన సగ్గుబియ్యానికి మూలమైన కర్రపెండలం, అన్నీ అటునుంచి పోర్చుగీసు ఓడల కాలంలో మనకు వచ్చినవే. బదులుగా మన మామిడి, పనస అక్కడికి వెళ్ళాయి. మాటలు కూడా ప్రయాణం చేశాయి. బొత్తాము, ఇస్త్రీ, తువ్వాలు పోర్చుగీసు మాటలే. కపోయిరా అనే కుస్తీ నాట్యం నేర్పే గురువును అక్కడ మెస్త్రి అని పిలుస్తూంటే మా చిన్నవాడు, "ఇల్లు కడతాడా?" అన్నాడు.

శుక్రవారం నాడు ఊళ్ళో చాలామంది తెల్లబట్టలు కడతారు. ఒషాలా అనే ఆఫ్రికా దేవుడి రోజు. మామగారు మామూలుగానే తెల్లపంచ, లాల్చీతో బయలుదేరారు. పెలోరీన్యూలో ఒక కొట్టువాడు ఆయనను చూడగానే చేతులు జోడించి "గాంధీ!" అని కేక పెట్టాడు. వేళాకోళమేమో అని మేము కాస్త ముడుచుకున్నాం. కాదు. 1949లో ఈ రేవు కలాసీలు కార్నివాల్‌కు ఒక ఊరేగింపు దళం కట్టి, అంతకు ముందు ఏడాది హత్యకు గురైన మహాత్ముని తలచుకుని 'గాంధీ పుత్రులు' అని పేరు పెట్టుకున్నారు. నేటికీ వేలమంది మగవాళ్ళు తెల్లని అంగీలు, తలకు తువ్వాలు పాగా, నీలం తెలుపు పూసల దండలతో, ఆఫ్రికా దేవతల లయకు శాంతి పేరిట నడుస్తారు. మన దేశం మొగం చూడని వాళ్ళు. మామగారు ఆ కథ రెండుసార్లు చెప్పించుకున్నారు. గాంధీగారు పోయిననాడు బడి మూసి, పంతులుగారు అరుగు మీద కూర్చుని ఏడ్చారని ఆయనకు జ్ఞాపకం. "మా కలాసీలకు ఈ సంగతి తెలియకుండానే పోయింది" అన్నారు.

ఆ రాత్రి హోటల్లో మా పెద్దమ్మాయి ఒక ప్రశ్న వేసింది. వీళ్ళకు పేర్లు మార్చారు, మాట మాన్పించారు, పూజ చేసుకుంటే పోలీసులు పట్టుకునేవారు. బహియా రాష్ట్రంలో ఆఫ్రికా దేవళాలకు పోలీసు పర్మిట్టు అక్కరలేదని తీర్మానమైంది 1976లోనట. అయినా దేవుళ్ళు, పాటలు, పాటల్లో యొరూబా మాటలు మిగిలాయి. మనల్ని ఎవరూ కొట్టలేదు కదా, మరి నాకు తెలుగు చదవడం ఎందుకు రాదు? అంది. ఆదివారం బడికి పంపలేదా అని ఒకరు, పంపితే నువ్వే మానేశావని ఒకరు. మామగారు మాత్రం, "వాళ్ళకు అది అక్కర పడింది. నీకు ఇంకా పడలేదు" అన్నారు. అమ్మాయికి కోపం వచ్చింది. ఆయన మాటతో మేమూ పూర్తిగా ఏకీభవించలేదు గాని ఎదురు చెప్పేందుకు ఏదీ తోచలేదు. ఇంటికొచ్చాక కూడా ఆ వాదన తెగలేదు.

బొంఫిం చర్చికి ఆఖరి రోజున వెళ్ళాం. మొక్కుబడిగా తెచ్చిన మైనపు చేతులు, కాళ్ళు కప్పు నుంచి వేలాడుతుంటాయి. కంచుకోటలాంటి మన గుళ్ళలో వెండి కళ్ళు సమర్పించినట్టే. గుమ్మంలో రంగుల రిబ్బన్లు అమ్ముతారు; మూడు ముడులు, మూడు కోరికలు, దానంతటది తెగేదాకా విప్పరాదు. బారా దీపస్తంభం దగ్గర పొద్దు నీళ్ళల్లోకి దిగుతుంది. తూర్పు తీరం వాళ్ళం, మాకు సముద్రంలోంచి పొద్దు పొడవడమే తెలుసు. చూస్తున్న జనం చప్పట్లు కొట్టారు.

వెళ్ళదలచిన వారికి రెండు ముక్కలు. అమెరికా పాస్‌పోర్టు వారికి 2025 ఏప్రిల్ నుంచి వీసా మళ్ళీ తప్పనిసరి అయింది. రాత్రిళ్ళు ఖాళీ సందుల్లో తిరగవద్దు, ఫోను చేతిలో ఊపుకుంటూ నడవవద్దు. కార్నివాల్‌కైతే గదులు చాలా ముందే చూసుకోవాలి. మామగారు వచ్చే ఫిబ్రవరికి వెళ్ళి గాంధీ పుత్రులతో నడుస్తానంటున్నారు. తువ్వాలు తన దగ్గర ఉందిట.